కూలెంట్ మార్చాక ఇంజిన్‌లో చిక్కుకున్న గాలిని ఎలా తీయాలి?

ఇంజిన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ మూత (అది లేని బండ్లలో కూలెంట్ ట్యాంకు మూత) తీసి, హీటర్‌ను ఫుల్ వేడిలో పెట్టి, కూలెంట్ నెమ్మదిగా పోస్తూ బుడగలు ఆగేదాకా ఇంజిన్‌ను ఐడిల్‌లో ఉంచితే గాలి బయటికి వచ్చేస్తుంది. గాలి ఎప్పుడూ పైకే పోతుంది కాబట్టి ముందు చక్రాలు కాస్త ఎత్తు మీద ఉంటే ఇంకా సులువు. బ్లీడ్ స్క్రూ (గాలి వదలడానికి ఉండే చిన్న మర) ఉంటే వదులు చేసి, బుడగల్లేని ధార వచ్చాక బిగించాలి.

గాలికి కూలెంట్‌లా వేడిని లాగేసే శక్తి లేదు. సిలిండర్ హెడ్‌లో (ఇంజిన్ పైభాగం) అది నిలిచిన చోట లోహం విపరీతంగా వేడెక్కుతుంది. థర్మోస్టాట్ (ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వ్) సాధారణంగా 80–90 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది, అప్పటిదాకా ఓపిక పట్టాలి. అది తెరుచుకోగానే రేడియేటర్ పై హోస్ వేడెక్కుతుంది, మూత దగ్గర మట్టం చాలాసార్లు గబుక్కున దిగుతుంది. ఆ ఖాళీని నింపి మూత పెట్టండి. బండి చల్లారాక మట్టం మళ్లీ చూడటం మర్చిపోవద్దు.

ఒంగోలులో కూలెంట్ మార్పించి కావలి వైపు హైవే ఎక్కారనుకుందాం. టెంపరేచర్ ముల్లు లేస్తూ దిగుతూ ఉంది, హీటర్ వేస్తే చల్లగాలి వస్తోంది. లీకేజీ ఏమీ లేకపోతే ముందు అనుమానించాల్సింది గాలినే. మన ఎండల్లో హీటర్ జోలికి ఎవరూ పోరు గనుక ఈ గుర్తు చాలామందికి తెలియదు.

వేడి మీదే మూత తిప్పితే గాలి పోతుందనుకోవడం ప్రమాదకరమైన పొరపాటు. ఒత్తిడి తగ్గగానే కూలెంట్ ఒక్కసారిగా మరిగి మొహం మీదికి చిమ్ముతుంది. ఎంతసేపటికీ బుడగలు ఆగకపోతే హెడ్ గ్యాస్కెట్ (సిలిండర్ హెడ్ కింద ఉండే సీల్) పోయిందేమో మెకానిక్‌కు చూపించండి.