చేప సూది రొయ్యకు పనికొస్తుందా? (ఆక్వా రైతుల ప్రశ్నలు – జవాబులు)

ప్రశ్న: బొచ్చె, శీలావతికి ఓవాప్రిమ్ సూది వేసి గుడ్లు పెట్టిస్తున్నాం. చెరువులో 40 గ్రాములకు వచ్చిన వనామీ రొయ్యకు అదే సూది వేస్తే పిల్ల తీయొచ్చా?
– ఒక రైతు, మొగల్తూరు

జవాబు: రాదు. ఓవాప్రిమ్ చేప మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథిని కదిలించే మందు. రొయ్యకు ఆ గ్రంథే లేదు. పైగా రొయ్యలో వ్యవహారం తలకిందులు. కంటికాడలో ఉండే ఎక్స్ ఆర్గాన్, సైనస్ గ్రంథి అండాశయాన్ని ఎదగనివ్వని హార్మోను వదులుతుంటాయి. ఆ అడ్డు తగ్గితే గుడ్డు దానంతటదే తయారవుతుంది. హేచరీల్లో ఆడరొయ్యకు ఒక కంటికాడ తీసేసేది ఇందుకే.

రొయ్యకు సూది అసలు లేదని కాదు. సెరటోనిన్‌ను గ్రాము బరువుకు 15, 50 మైక్రోగ్రాముల చొప్పున వనామీ తల్లులపై పరీక్షించారు. 50 లెక్కన 40 గ్రాముల రొయ్యకు 2 మిల్లీగ్రాములు. అండాశయాలు ఎదిగాయి, గుడ్లూ పెట్టాయి, కానీ కన్ను తీసినవాటితో సమానంగా రాలేదు. తల్లిని మళ్లీ మళ్లీ పట్టి పొడిచే శ్రమకు ఆ ఫలితం గిట్టదు.

ఇక చెరువు రొయ్యను తల్లిగా వాడే ఆలోచన మానుకోండి. తెల్లమచ్చ వైరస్, ఈహెచ్‌పీ (రొయ్యను ఎదగనివ్వని సూక్ష్మ పరాన్నజీవి) తల్లితోపాటే హేచరీలోకి వస్తాయి. కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ నిబంధనలు కూడా ఒప్పుకోవు.

ప్రశ్న: అబ్లేషన్ (కంటికాడ తీయడం) చేసిన నాలుగైదు రోజుల్లో తల్లులు గుల్ల (పైపెంకు) వదిలేస్తున్నాయి. అండాశయం రావడం లేదు. కొన్ని చనిపోతున్నాయి కూడా.
– హేచరీ టెక్నీషియన్, ఉప్పాడ

జవాబు: మీరు కన్ను తీసే సమయం తప్పుతోంది. గుల్ల వదలకుండా ఆపే హార్మోను కూడా అదే కంటికాడలో ఉంది. గుల్ల మార్చడానికి సిద్ధమైన రొయ్యకు కన్ను తీస్తే, ఒంట్లోని బలం గుడ్డుకు పోకుండా కొత్త గుల్లకు పోతుంది. అప్పుడే గుల్ల వదిలిన మెత్తని రొయ్యకు తీస్తే రక్తం కారి చస్తుంది. రెండింటికీ మధ్య, గుల్ల గట్టిపడి ఉన్నప్పుడే చేయాలి.

చేతితో నొక్కి చూస్తే మెత్తదనం తెలుస్తుంది. గుల్ల వదలబోయేదాన్ని మాత్రం చేయి పట్టదు. తోక రెక్క అంచును మైక్రోస్కోపు కింద పెట్టండి. లోపలి కండ పెంకు అంచు నుంచి వెనక్కి జరిగి, మధ్యలో తెల్లగా ఖాళీ గీత కనబడితే ఆ రొయ్యను పక్కన పెట్టండి. అన్నిటికీ ఒకే రోజు పని ముగించాలన్న తొందరే చాలాచోట్ల కొంప ముంచుతోంది.

పటకారును ఎర్రగా కాల్చి కాడను నొక్కితే గాయం అక్కడికక్కడే మూసుకుంటుంది. కత్తెరతో కోసి వదలొద్దు, గాయం నుంచి విబ్రియో బ్యాక్టీరియా దూరుతుంది. ఒక కన్నే తీయాలి. దిగుమతి తల్లులు ట్యాంకుకు అలవాటుపడి, మేత బాగా తిన్నాకే మొదలెట్టండి. స్క్విడ్, పాలీకీట్ పురుగులు లేకుండా కన్ను తీసి లాభం లేదు. అడ్డు తొలగించినా, గుడ్డులో నింపడానికి కొవ్వు ఎక్కడిది? పురుగులు సముద్రపు బురదలోంచి పట్టినవైతే వైరస్‌కు, ఈహెచ్‌పీకి పీసీఆర్ పరీక్ష చేయించాకే వేయండి. నీటి ఉప్పు 30–32 పీపీటీ (వెయ్యికి ఇన్ని పాళ్లు), వేడి 28–29 డిగ్రీలు, గదిలో వెలుతురు మందంగా. ఇవన్నీ కుదిరితే మూడో రోజు నుంచి వారంలోపు, టార్చి వేసి చూస్తే వీపు మీద అండాశయం ముదురు రంగులో కనిపిస్తుంది.

ప్రశ్న: గుడ్లు బాగానే పెడుతున్నాయి, నాప్లీ (గుడ్డు నుంచి అప్పుడే వచ్చిన పిల్లలు) మాత్రం చాలా తక్కువ. హార్మోను లోపమా?
– అంతర్వేది

జవాబు: ముందు మగవాటిని చూడండి. వనామీ ఆడది వీర్యసంచిని టైగర్ రొయ్యలా లోపల దాచుకోదు, బయటే అంటుకుని ఉంటుంది. వల మొరటుగా వేస్తే రాలిపోతుంది. జతకట్టిందో లేదో సాయంత్రం ఒక్కోదాన్నీ తిప్పి చూసి, సంచి ఉన్నవాటినే గుడ్ల ట్యాంకుకు మార్చాలి. మగవాటి వీర్యసంచి తెల్లగా, నిండుగా ఉండాలి. నల్లబడి ఉంటే వాటిని తీసేయండి. మండుటెండల్లో మగ ట్యాంకు వేడి 30 డిగ్రీలు దాటనీయొద్దు.