కాలేజీ ఫుట్‌బాల్ కోచ్ ఉద్యోగం: ఆడనివాడికి దారి ఫిల్మ్ గదిలోంచే

ప్రశ్న: టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. మావాడు పన్నెండో గ్రేడ్. స్కూల్ ఫుట్‌బాల్ (సాకర్ కాదు, అమెరికన్ ఫుట్‌బాల్) జట్టులో ఉన్నా, ఆడింది తక్కువ. కంప్యూటర్ సైన్స్ వద్దట, కాలేజీ కోచ్ అవుతాడట. కాలేజీలో ఆడకపోయినా కుదురుతుందా? ఏ డిగ్రీలో చేర్చాలి?

జవాబు: కుదురుతుందండీ. మైక్ లీచ్ కాలేజీలో ఆడలేదు, లా చదివారు. అయినా టెక్సస్ టెక్, వాషింగ్టన్ స్టేట్, మిసిసిపీ స్టేట్ జట్లకు హెడ్ కోచ్‌గా చేశారు. కాకపోతే ఆడినవాళ్లకు కోచ్‌లతో పరిచయం ఆటతోనే వస్తుంది. మీవాడు దాన్ని నాలుగేళ్ల చాకిరీతో సంపాదించుకోవాలి.

అందుకే కాలేజీ ర్యాంకు కన్నా ముందు, అక్కడి ఫుట్‌బాల్ ఆఫీసు మొదటి ఏడాది విద్యార్థిని పనిలోకి తీసుకుంటుందా అని కనుక్కోండి. పెద్ద జట్లలో స్టూడెంట్ మేనేజర్‌కి బంతులు, కోన్లు మోయడంతోనే పొద్దుపోవచ్చు. కింది స్థాయి పోటీల్లో ఆడే డివిజన్-2, డివిజన్-3 కాలేజీల్లో సిబ్బంది తక్కువ కాబట్టి ఫిల్మ్ పని, అంటే ఆటల వీడియోల విశ్లేషణ, తొందరగా చేతికొస్తుంది. నేనైతే వాటికే మొగ్గుతాను. మెయిల్ హెడ్ కోచ్‌కి కాదు, ఫుట్‌బాల్ ఆపరేషన్స్ డైరెక్టర్‌కి పెట్టాలి. అదీ సీజన్ మధ్యలో కాదు, స్ప్రింగ్ ప్రాక్టీసులు మొదలవకముందే.

ఫిల్మ్ పనంటే వీడియో చూస్తూ కూర్చోవడం కాదు. ప్రతి ప్లేకీ (ఒక్కో ఎత్తుకీ) ఎన్నో డౌన్ (పది గజాలు దాటడానికి ఉండే నాలుగు ప్రయత్నాల్లో ఎన్నోది), ఇంకా ఎన్ని గజాలు కావాలి, బంతి ఏ హ్యాష్ (మైదానం మధ్యలోని గుర్తు గీత) మీద ఉంది, ఫార్మేషన్ (ఆటగాళ్లు నిలబడ్డ తీరు), మోషన్ (ప్లే మొదలవకముందు కదలిక), బ్లిట్జ్ (బంతి విసిరేవాడి మీదికి అదనపు ఆటగాళ్లు దూకడం), కవరేజ్ (పాస్ అందుకునేవాళ్లను కాచుకునే తీరు)... అన్నీ హడల్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించాలి. ఇక్కడ తప్పులు దొర్లితే, మూడో డౌన్‌లో ఎదుటి జట్టు ఏం చేస్తుందన్న కోచ్‌ల లెక్క తలకిందులవుతుంది. తర్వాత ప్రాక్టీసు కోసం ప్రత్యర్థి ప్లేలను కార్డుల మీద గీసివ్వాలి. ఈ రెండూ తప్పుల్లేకుండా చేసే కుర్రాణ్ణి ఏ కోచ్ వదులుకోడు.

డిగ్రీ ఏదైనా ఫర్వాలేదు, జీపీఏ మాత్రం 3.0 కిందికి పోకూడదు. ఎందుకంటే తర్వాతి మెట్టు గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ (మాస్టర్స్ చదువుతూ కోచ్‌లకు సాయపడే పని), దానికి మాస్టర్స్‌లో సీటు రావాలి. సాధారణంగా రెండేళ్లు. స్టైపెండ్ చిన్నది, సీజన్‌లో ఆదివారం కూడా ఆఫీసే. ట్యూషన్ ఎంత మాఫీయో కాగితం మీద రాయించుకోండి. ఆపైన అనలిస్ట్ (ఆటను విశ్లేషించే సిబ్బంది), పొజిషన్ కోచ్ (ఒక స్థానంలో ఆడేవాళ్లకు నేర్పేవాడు), కోఆర్డినేటర్ (దాడి లేదా డిఫెన్స్ మొత్తాన్ని చూసేవాడు). 2024 నుంచి పైస్థాయి ఎఫ్‌బీఎస్ జట్లలో అనలిస్టులు కూడా మైదానంలో ఆట నేర్పొచ్చు, కాబట్టి ఆ మెట్టు విలువ పెరిగింది.

మీవాడి వీసా సంగతి రాయలేదు. హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల పిల్లలకిచ్చే వీసా) అయితే జీతం తీసుకోకూడదు, 21 ఏళ్లు నిండితే ఆ హోదా పోతుంది. విద్యార్థి వీసా ఎఫ్-1కి మారినా, సెమిస్టర్ నడిచేటప్పుడు క్యాంపస్ పని వారానికి 20 గంటలే. ఈ ఉద్యోగం అంతలో ఆగదు. చేరకముందే యూనివర్సిటీ అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో అడగండి.

ఇంకోటి. హెడ్ కోచ్‌ని తీసేస్తే కింద ఉన్నవాళ్లలో చాలామంది ఉద్యోగాలు కూడా పోతాయి, ఎక్కువగా నవంబర్ చివర్లోనో డిసెంబర్‌లోనో. అందుకని టీచింగ్ సర్టిఫికెట్ కూడా చేయించండి. టెక్సస్ ప్రభుత్వ హైస్కూళ్లలో కోచ్‌లు చాలామంది పాఠాలు చెప్పే టీచర్లే.