అమ్మాయి రాత్రిళ్లు రాసే కోడ్ వృథా కాదు

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ సీఎస్‌ఈ మూడో ఏడాది. రాత్రిళ్లు కూర్చుని ఏదో ఫ్రీ సాఫ్ట్‌వేర్‌కి జీతం లేకుండా కోడ్ రాస్తోంది. కంపెనీలన్నీ ఎజైల్ అంటున్నాయి కదా, స్క్రమ్ మాస్టర్ సర్టిఫికెట్ చేయించమని మా బావమరిది అంటున్నాడు. ఏది మేలు?
– ఒక తండ్రి, గుంటూరు

జవాబు: మీ టెన్షన్ సర్టిఫికెట్ గురించి కాదండీ. పిల్ల ఊరికే చాకిరీ చేస్తోందేమో, ప్లేస్‌మెంట్ల నాటికి చేతిలో ఏమీ ఉండదేమో అని మీ భయం. అది అక్కర్లేదు.

ఎజైల్ అంటే సాఫ్ట్‌వేర్‌ను కొద్దికొద్దిగా తయారుచేస్తూ, వాడేవాళ్ల మాట విని మార్చుకుంటూ పోయే పద్ధతి. 2001లో అమెరికాలోని యూటాలో 17 మంది కలిసి దాని సూత్రాల పత్రం ఎజైల్ మేనిఫెస్టో రాశారు. మీ అమ్మాయి కోడ్ రాసేలాంటి ఫ్రీ సాఫ్ట్‌వేరే లైనక్స్, అది అప్పటికే పదేళ్లుగా నడుస్తోంది. కొంచెం కొంచెంగా రాయడం, పనిచేసే కోడ్‌ను త్వరగా బయటికి వదలడం, వాడేవాళ్లు చెప్పిన తప్పులు దిద్దడం అక్కడ ముందునుంచీ ఉన్న అలవాట్లే. ఇప్పటికీ కెర్నెల్ (లైనక్స్‌కి గుండెకాయలాంటి భాగం) కొత్త వెర్షన్ 9, 10 వారాలకొకటి వస్తుంది. తేడా ఒకటుంది. ఎదురెదురుగా మాట్లాడుకోవడమే మేలని మేనిఫెస్టో అంటుంది. కెర్నెల్ వాళ్లు తలో దేశంలో ఉంటారు కాబట్టి పనంతా ఈమెయిల్‌లోనే. ఎజైల్ కంపెనీల్లోలా రోజూ కాసేపు పెట్టుకునే స్టాండప్ మీటింగులు, కొన్ని వారాల గడువుతో పనిచేసే స్ప్రింట్లు ఉండవు.

అక్కడ ఒక ప్యాచ్ (కోడ్‌లో చేసిన మార్పు) పంపితే, ‘ఇందులో రెండు మార్పులున్నాయి, విడదీయండి, ఎందుకు మార్చారో రాయండి’ అని ఆ భాగం బాధ్యత చూసే మెయింటెయినర్ తిప్పి పంపుతారు. సరిచేసి, వీ2 (రెండో వెర్షన్) అని పెట్టి మళ్లీ పంపాలి. ముక్కూ మొహం తెలియని సీనియర్ ఒప్పుకునేదాకా ఇదే వరస. రేపు ఉద్యోగంలో కోడ్ రివ్యూ అంటే ఇదే.

ఇక స్క్రమ్ అంటే ఎజైల్‌లో ఒక పద్ధతి, టీమ్ దాన్ని సరిగ్గా పాటించేలా చూసేవాళ్లే స్క్రమ్ మాస్టర్. ఫ్రెషర్‌కి ఆ సర్టిఫికెట్ మీద మాత్రం నాకు నమ్మకం లేదు. ఎక్కువగా రెండు రోజుల క్లాసు, ఒక పరీక్ష. ఏ టీమ్‌లోనూ పనిచేయని అమ్మాయి, పదేళ్ల అనుభవం ఉన్నవాళ్ల పని ఎక్కడ ఆగిందో ఎలా కనిపెడుతుంది? వాళ్ల మధ్య పేచీ ఎలా తీరుస్తుంది? స్క్రమ్ నియమాలు చెప్పే స్క్రమ్ గైడ్, 2020 నాటిది, 15 పేజీలు కూడా లేదు, ఉచితంగా దొరుకుతుంది. ఒక సాయంత్రం చదివితే ఇంటర్వ్యూకి చాలు. రెండు మూడేళ్లు ఉద్యోగం చేశాక కంపెనీయే అడిగితే అప్పుడు కట్టండి ఆ ఫీజు.

కటువుగా ఉన్నా ఒక మాట. ‘ఏదో’ సాఫ్ట్‌వేర్ అని రాశారు. బావమరిదిని అడిగారు, నన్నడిగారు, కన్నకూతుర్ని అడగలేదు! తను పంపిన మార్పుల్లో ఏవి తీసుకున్నారో, ఏవి తిప్పి పంపారో ఈ వారమే పక్కన కూర్చుని చూపించమనండి. తీసుకున్న వాటి లింకులు రెజ్యూమెలో మొదటి పేజీలోనే ఉండాలి. కాలేజీలో బ్యాక్‌లాగ్‌లు (తప్పిన సబ్జెక్టులు) మాత్రం మిగల్చొద్దనండి. ఇలాంటి ఫ్రీ సాఫ్ట్‌వేర్‌కి కొత్తవాళ్ల చేత కోడ్ రాయించే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌కి వచ్చే ఏడాది దరఖాస్తు చేయమనండి, ఎంపికైతే స్టైపెండ్ కూడా ఇస్తారు.