డబుల్ ఆల్బమ్ చేయబోతున్న మేనల్లుడికి

విశాఖపట్నం

చిరంజీవి కార్తీక్‌కి మావయ్య ఆశీస్సులు.

మీ నలుగురి బ్యాండు దగ్గర 22 పాటలు తయారయ్యాయనీ, డబుల్ ఆల్బమ్ చేసి ఎల్పీగా (సూదితో వినే పెద్ద రికార్డుగా) కూడా తేవాలని ఉందనీ రాశావు. చాలా సంతోషంగా ఉంది. మొదట ఒక్క మాట గట్టిగా చెప్తాను: పాటలు లెక్కపెట్టడం మానేసి సైడులు లెక్కపెట్టండి. డబుల్ ఆల్బమ్ అంటే రెండు రికార్డులు, నాలుగు సైడులు: ఎ, బి, సి, డి. ఏ పాట ఏ సైడులో ఎక్కడ కూర్చుంటుందో తేలకుండా స్టూడియో గడప తొక్కొద్దు.

ఎల్పీలో ఒక్కో సైడుకి 18 నుంచి 20 నిమిషాలు హాయిగా పడతాయి. 22 నిమిషాలు దాటితే సూది నడిచే గాళ్లు దగ్గరదగ్గరగా కొయ్యాల్సి వస్తుంది, దానికోసం వాల్యూమ్ తగ్గిస్తారు, అప్పుడు రికార్డు మీది గరగర పైకి తేలుతుంది. సైడుకి 19 చొప్పున మొత్తం 76 నిమిషాలు. ఇది 80 నిమిషాల సీడీ ఒక్కదాంట్లో కూడా పడుతుంది, మీకు అదో ఆదా. మీ పాట సగటున నాలుగున్నర నిమిషాలు అన్నావు కదా, అంటే 17 పాటలు. అయిదు పక్కన పెట్టాల్సిందే. బీటిల్స్ 1968 నవంబరులో 30 పాటలతో రెండు డిస్కులు విడుదల చేస్తే, వాళ్ల నిర్మాత జార్జ్ మార్టిన్ అందులోంచి ఏరి ఒక్క డిస్కు చేసుంటే బాగుండేదన్నాడు. ఏ బ్యాండులోనైనా ఈ వాదన వస్తుంది. నలుగురూ ఒకరి కాగితం ఒకరు చూడకుండా 17 పాటల జాబితా రాయండి. నాలుగింట్లోనూ ఉన్నవి ఖాయం. మిగతావాటి మీదే మాట్లాడుకోండి.

ఇక వరుస. సూది బయటి అంచున ఉన్నప్పుడు దాని కింద గాడి సెకనుకి దాదాపు 50 సెంటీమీటర్లు పరిగెడుతుంది. లేబుల్ దగ్గరికొచ్చేసరికి అది 21కి పడిపోతుంది. అదే శబ్దాన్ని సగంకంటే తక్కువ చోటులో ఇరికించాలి కాబట్టి సింబల్స్ (డ్రమ్స్‌లోని లోహపు పళ్లేలు), ‘స’, ‘శ’, ‘చ’ అక్షరాలు చిట్లినట్టు వినిపిస్తాయి. అందుకని ప్రతి సైడూ హోరున్న పాటతో మొదలై నెమ్మది పాటతో ముగియాలి. పెద్ద క్లైమాక్స్ పాటని డి సైడు చివర పెట్టాలని ప్రతి బ్యాండుకీ ఉంటుంది. పెడితే ఆ సైడుని 15, 16 నిమిషాలకి కుదించండి, లోపలి గాళ్లదాకా పోదు. ఒక పెద్ద కాగితం మీద ప్రతి పాటకీ శ్రుతి, టెంపో, నిడివి, మొదట వినపడే వాయిద్యం రాసుకోండి. ఒకే శ్రుతిలో, ఒకే వేగంలో మూడు పాటలు వరుసగా వస్తే, ఎంత మంచివైనా మూడోది విన్నవాడికి గుర్తుండదు.

డ్రమ్స్ మొత్తం ఒకే విడతలో కొట్టేయండి. రోజుకి మూడు పాటలు, ఆరు రోజులు. సగం ఇప్పుడు, సగం మూడు నెలల తర్వాత అంటే రెండు వేర్వేరు ఆల్బమ్‌లలా వినిపిస్తుంది. స్నేర్ (మధ్యలో ఉండే చురుకైన డ్రమ్ము) స్కిన్ మూడు నాలుగు పాటలకోసారి మార్చండి. మైకు స్టాండ్ల కాళ్ల చుట్టూ నేలమీద టేపు అంటించి ఫోటోలు తీసుకోండి. డ్రమ్స్ పైన ఉండే రెండు ఓవర్‌హెడ్ మైకులూ స్నేర్ నడిమధ్య నుంచి ఒకే దూరంలో ఉండాలి. కంటితో అంచనా వేయకుండా దారం తీసుకుని ఒక కొస స్నేర్ మధ్యలో వేలితో అదిమిపట్టి, రెండో కొస మైకు మూతి దాకా లాగి ముడి వేసి, అదే ముడితో రెండో మైకు సర్దండి. తర్వాత కిక్ (కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము) మైకుకి ఫేజ్ బటన్ (శబ్దపు అలని తలకిందులు చేసేది) నొక్కుతూ, వదుల్తూ వినండి. ఏ స్థితిలో కిక్ పొట్టనిండా వినపడితే అది ఉంచండి. ఇది ఆ రోజు చూసుకోకపోతే మిక్సింగ్‌లో ఎంత ఈక్యూ (స్వరాల హెచ్చుతగ్గుల సర్దుబాటు) పెట్టినా ఆ బరువు తిరిగి రాదు.

మన ఊళ్లో అసలు శత్రువు ఉప్పుగాలి. సముద్రానికి దగ్గర్లో గిటార్ తీగలు చూస్తుండగానే తుప్పుపడతాయి, కాబట్టి రికార్డింగ్ రోజుల్లో ప్రతి పొద్దున్నా కొత్త తీగలు. బేస్ తీగలు మాత్రం విడత మధ్యలో మార్చొద్దు, స్వరం రంగు మారిపోతుంది. వాయిద్యాల్ని ఏసీ గదిలోకి కనీసం గంట ముందు తెచ్చి పెట్టెలోంచి తీసి ఉంచండి. అకూస్టిక్ గిటార్ పెట్టెలో సిలికా జెల్ ఉండాలి, తేమ 45 నుంచి 55 శాతం మధ్య ఉంటే చెక్కకి మంచిది. కండెన్సర్ మైకు చిటపటమంటే చెడిపోయిందని కంగారు పడొద్దు, చాలాసార్లు తేమే కారణం. పొడిగా ఉన్న ఏసీ గదిలో కొన్ని గంటలు ఉంచి మళ్లీ చూడండి. గిటార్‌లో గుయ్యిమని 50 హెర్ట్జ్ హమ్ వస్తుంటే ముందు ఎర్తింగ్ చూపించండి. యాంప్‌లూ కంప్యూటరూ ఒకే ప్లగ్ వరుస మీద ఉండాలి. ఎర్త్ పిన్ను పీకేయడం పరిష్కారం కాదు, ప్రాణానికే ప్రమాదం.

సి సైడులో తప్పెటగుళ్లు (మన ఉత్తరాంధ్ర జానపద కళ) పెట్టాలన్న ఆలోచన నాకు బాగా నచ్చింది. తప్పెట గుండెల మీద ఉంటుంది, మనిషి ఎగురుతూ వాయిస్తాడు, దగ్గర మైకు పెడితే శబ్దం వచ్చిపోతుంటుంది. రెండు మైకులు రెండు మీటర్ల ఎత్తున ఎడంగా పెట్టి, గజ్జెల కోసం ఇంకొకటి నేలకి దగ్గరగా పెట్టండి. వాళ్లకి క్లిక్ ట్రాక్ (తాళం కోసం చెవిలో వినిపించే టిక్ టిక్) వినిపించొద్దు, నడక చచ్చిపోతుంది. వాళ్లని ముందు వాయించనిచ్చి, ఆ నడకకి మీ డ్రమ్మర్ కలపాలి. వాళ్ల పేర్లు ఆల్బమ్ అట్ట మీద వెయ్యండి, డబ్బు ఆ రోజే చేతికివ్వండి.

గొంతు విషయంలో తొందర పడొద్దు, రోజుకి రెండు పాటలకి మించి పాడించొద్దు. ‘ప’, ‘బ’, ‘భ’ లకి పాప్ ఫిల్టర్ మైకుకి నాలుగు వేళ్ల దూరంలో ఉండాలి. గాయకుణ్ణి మైకుకి ఎదురుగా కాక కొంచెం పక్కకి తిప్పి నిలబెడితే ‘స’ల పదును రికార్డింగ్‌లోనే తగ్గుతుంది.

అంతా 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో తీయండి, పీక్స్ (శబ్దం బాగా పైకి లేచే చోట్లు) మైనస్ 10 డెసిబెల్స్ దగ్గర ఉంటే చాలు. అలా ఒక్కో ట్రాక్‌కి (ఒక్కో మైకు రికార్డింగ్‌కి) నిమిషానికి 8.6 మెగాబైట్లు పడుతుంది. 24 ట్రాకులు, పాటకి నాలుగు టేకులు వేసుకున్నా 17 పాటలకి 65 గిగాబైట్ల లోపే. కాబట్టి కాపీలకి చోటు లేదనడానికి వీల్లేదు. మూడు కాపీలు ఉంచండి, అందులో ఒకటి స్టూడియోలో కాక ఇంకొకరి ఇంట్లో ఉండాలి.

మాస్టర్లు (విడుదలకి పంపే తుది ఫైళ్లు) రెండు రకాలు చేయించండి. స్ట్రీమింగ్‌కి ట్రూ పీక్ (శబ్దం అసలు గరిష్ఠ స్థాయి) మైనస్ 1 డెసిబెల్ దాటకుండా ఒకటి. స్పాటిఫై ఎలాగూ మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్ (చెవికి వినపడే హోరు కొలత) దగ్గరికి సర్దుతుంది, లిమిటర్‌తో (శబ్దాన్ని హద్దు దాటనివ్వని సాధనంతో) నలిపేసి లాభం లేదు. ఎల్పీకి వేరేది: లిమిటర్ చాలా తక్కువ, 150 హెర్ట్జ్ కింద బేస్ అంతా మోనో. కింది స్వరాలు ఎడమా కుడీ వేర్వేరుగా ఊగితే కొయ్యడం కష్టం, సూది గాడిలోంచి ఎగిరిపోతుంది. సైడుకి ఒక ఫైల్ చొప్పున, పాటల మధ్య ఖాళీలతో సహా పంపండి.

తర్వాత టెస్ట్ ప్రెసింగ్ (మొత్తం అచ్చు వేసే ముందు పంపే నమూనా రికార్డులు) వస్తుంది. దీన్ని తొందరపడి ఓకే చేయడం వల్లే ఎక్కువ మంది నష్టపోతారు. వచ్చిన ప్రతి కాపీనీ నాలుగు సైడులూ పూర్తిగా, వీలైతే రెండు ప్లేయర్ల మీద వినండి. ఏ నిమిషంలో ఏం వినిపించిందో రాసుకోండి. టక్కుమనే చప్పుడు అన్ని కాపీల్లోనూ ఒకే చోట ఉంటే అచ్చులోనే లోపం, మళ్లీ చేయించమనండి. ఒక్క కాపీలోనే ఉంటే దుమ్మో, ఆ ఒక్క ప్రెసింగో. సాగదీసిన స్వరం ఊగుతున్నట్టుంటే టైము చూడండి. ఊగు 1.8 సెకన్లకోసారి వస్తే అది ఒక చుట్టుకి పట్టే కాలం, అంటే మధ్య రంధ్రం పక్కకి పడింది. గుడ్డ చింపినట్టు చరచరమని వస్తే ప్లాస్టిక్ గాళ్లలో పూర్తిగా నిండలేదు. పాత రోజుల్లో ఆటోమేటిక్ ఛేంజర్ల (ఒకదాని తర్వాత ఒక రికార్డు తానే వేసుకునే ప్లేయర్ల) కోసం ఎ వెనక డి, బి వెనక సి వేసేవారు. మీకు ఎ వెనక బి, సి వెనక డి కావాలని రాతలో చెప్పండి. సరుకొచ్చాక పెట్టెలు నిలబెట్టే ఉంచాలి. మన ఎండలో కారు డిక్కీలో ఒక్క మధ్యాహ్నం వదిలేస్తే వంకర పోతాయి.

కాగితాల సంగతి రికార్డింగ్‌కి ముందే తేల్చండి. మన 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డింగ్ హక్కు, దాన్ని తీయడానికి చొరవా బాధ్యతా తీసుకున్న నిర్మాతది. డబ్బు పెట్టే పెద్దమనిషి ఎవరైనా ఉంటే ఆ నిర్మాత ఎవరో, ఆయన వాటా ఎంతో రాయించుకోండి. సాహిత్యం, బాణీ ఎవరివో పాట పాటకీ శాతాలతో రాసి నలుగురూ సంతకం పెట్టండి. రాసినవాళ్లూ బాణీ కట్టినవాళ్లూ ఐపీఆర్ఎస్‌లో (పాటల రాయల్టీలు వసూలు చేసిపెట్టే సంఘంలో) చేరండి. ప్రతి పాటకీ ఐఎస్ఆర్‌సీ నంబరు (ఆ రికార్డింగ్‌ని గుర్తుపట్టే కోడు) ఉంటుంది. ముందు సింగిల్‌గా వదిలిన పాటకి ఆల్బమ్‌లోనూ అదే నంబరు ఇవ్వండి, లేకపోతే పాత ప్లేల లెక్క కలవదు.

విడుదలకి ముందు నెలకొకటి చొప్పున మూడు సింగిల్స్ చాలు, మూడూ వేర్వేరు సైడుల నుంచి తీయండి. పాట నెల ముందే ఎక్కిస్తే స్పాటిఫై ఎడిటర్లకి పంపడానికి వ్యవధి ఉంటుంది. కచేరీని అక్టోబరు, నవంబరుల్లో ఆరుబయట పెట్టొద్దు. హుద్‌హుద్ తుపాను మన ఊరిని తాకింది 2014 అక్టోబరు 12న. జనవరి మంచిది, లేదా సిరిపురంలో చిల్డ్రన్స్ ఎరీనా లాంటి హాలు చూడండి. బీచ్ దగ్గరైతే రాత్రి 10 తర్వాత లౌడ్‌స్పీకర్లకి అనుమతి ఉండదు కాబట్టి 9:30కి ముగిసేలా పాటలు సర్దుకోండి. మైకులకి ఫోమ్ తొడుగులు మర్చిపోవద్దు.

ముందు ఆ సైడుల పట్టిక వేసి నాకు పంపు. బి సైడు చివర ఏ పాట పెట్టారో చూడాలని ఉంది.

మీ మావయ్య