ఆ చేయి జాగ్రత్త, నాన్నా

నాన్నా,

డయాలసిస్ సూదులు గుచ్చడానికి వీలుగా వచ్చే వారం ఎడమ చేతికి ఫిస్టులా, అదే ధమనినీ సిరనూ కలిపే ఆపరేషన్, వేయించుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. గుండె ఝల్లుమంది. వాయిదా వేయకుండా ఒప్పుకున్నావని వినగానే కాస్త కుదుటపడ్డాను, గర్వంగానూ ఉంది. కిడ్నీలు ఎంత పనిచేస్తున్నాయో చెప్పే ఇ-జీఎఫ్ఆర్ 13 అంటే కిడ్నీ జబ్బులో ఐదో దశే, కానీ రేపే డయాలసిస్ అని కాదు. ఆ ఒక్క అంకె చూసి మొదలుపెట్టరు. వాంతులు, ఆయాసం, తగ్గని వాపు, అదుపు తప్పిన పొటాషియం చూసి మొదలుపెడతారు. ఫిస్టులా మాత్రం ముందే ఉండాలి. ధమనికి సిరను కలిపి కుట్టాక, ఆ సిర లావై సూదికి పనికిరావడానికి 6 వారాల నుంచి 3 నెలలు పడుతుంది. ఈలోగా అవసరం ముంచుకొస్తే మెడలో గొట్టమే గతి. గొట్టం ఉండగా చలిజ్వరం వస్తే రక్తంలో ఇన్ఫెక్షన్ అనే అనుకుని పరుగెత్తాలి.

ఉప్పు రోజుకి 5 గ్రాములు దాటనివ్వకు. సోడియం తక్కువని అమ్మే ఉప్పులో పొటాషియం ఉంటుంది, ముట్టుకోకు. నొప్పికి డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వద్దు. ఫాస్ఫరస్ తగ్గించే మాత్ర భోజనంతోనే వేసుకో, తిన్న గంటకి వేసుకుంటే దండగ.

ఇక అసలు సంగతి. కుట్లు మానగానే చాలామంది ఆ చేతిని మరిచిపోతారు. ఎన్నేళ్లయినా మారని తప్పు ఇది. కుట్టు దగ్గర కుడిచేతి వేళ్లు ఆనిస్తే పిల్లి గురగురలాడుతున్నట్టు సన్నటి అదురు తెలుస్తుంది. దాన్నే థ్రిల్ అంటారు. పొద్దున లేవగానే, పడుకోబోయే ముందు, డయాలసిస్ నుంచి వచ్చాక తప్పకుండా చూసుకోవాలి. డయాలసిస్‌లో ఒంట్లోంచి నీరు ఎక్కువ లాగి బీపీ పడిపోతే ఫిస్టులాలో రక్తం నెమ్మదించి గడ్డకట్టొచ్చు. విరేచనాలైనా అంతే, ఆ చేయి తలకింద పెట్టుకుని పడుకున్నా, బిగుతు వాచీ పెట్టినా అంతే. రాత్రి పదకొండింటికి అదురు తెలియలేదనుకో, నొప్పి లేదు కదా, పొద్దున చూద్దాం అనిపిస్తుంది. అక్కడే చేయి జారిపోతుంది నాన్నా. గంటలు గడిచేకొద్దీ గడ్డ సిర గోడకి అంటుకుపోతుంది. ఆ ఫిస్టులా పోతే మరోచోట కోత, మళ్లీ నెలల ఎదురుచూపు. ఆ రాత్రే ఆసుపత్రికి ఫోన్ చెయ్.

నీ మొహమాటమే నా భయం. చిన్నప్పుడు ఎవరడిగినా నీ ఉయ్యాల వంతు ఇచ్చేసేవాడివి. ఇప్పుడు ల్యాబ్‌లో ఎవరో ఎడమచేయి చాపమంటే చాపేస్తావు. ఒక్క సూది చాలు సిర పాడవడానికి. బీపీ పట్టీ, రక్తపరీక్ష, సెలైన్ ఏదైనా కుడిచేతికే, అదీ వీలైతే అరచేతి వెనక నుంచే. ఆపరేషన్ అయ్యాక కాదు, ఇవాళ్టి నుంచే. గట్టిగా చెప్పు, ఎవరూ ఏమీ అనుకోరు. అనుకుంటే అనుకోనీ.

ఎప్పుడైనా ఇంట్లో అక్కడినుంచి రక్తం కారితే తువ్వాలు చుట్టకు. సరిగ్గా కారేచోటే వేలితో గట్టిగా నొక్కి, చేయి పైకెత్తి, అంబులెన్స్‌ని పిలిపించు.

ఆపరేషన్ రోజు అదురు ఎక్కడ తెలుస్తుందో నీ వేలు పట్టి చూపించమని నర్సుని అడుగు. రాత్రి ఎంత పొద్దుపోయినా ఫోన్ చెయ్, తెలిసిందో లేదో చెప్పు.

మీ పెద్దమ్మ