ముస్లింలు, క్రైస్తవులు కలిసి గ్రంథాలు చదివితే నిజంగా దగ్గరవుతారా, వాదనలే మిగులుతాయా?

దగ్గరవుతారు. కొన్నేళ్లుగా చూస్తున్నాను కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నాను. అయితే సామరస్య సభలతో అది జరగదు. అక్కడ అందరూ మంచే మాట్లాడతారు గానీ, ఎదుటివాళ్ల గురించి కొత్తగా ఏమీ తెలియదు. ఇద్దరి ముందూ ఒకే పేజీ పెట్టుకుని వాక్యం వాక్యం చదివితే అసలు సంభాషణ మొదలవుతుంది.

నేను క్రైస్తవ కుటుంబంలో పుట్టాను. హైదరాబాద్‌లో మేం కొందరం నెలనెలా కలిసి చదువుతాం. లెక్చరర్లు, పీజీ విద్యార్థులు, పాస్టర్లు, మదర్సాలో చదువుకున్నవాళ్లు ఉంటారు. మొదట తీసుకున్నది యోసేపు కథ, అసూయతో అన్నలు వదిలించుకున్న తమ్ముడి కథ. బైబిల్ మొదటి పుస్తకం ఆదికాండంలో 37వ అధ్యాయం నుంచి, ఖురాన్‌లో 12వ సూరా (అధ్యాయం) యూసుఫ్.

ఆ కథలో అంగీ సంగతే చూడండి. రెండు చోట్లా అన్నలు దానికి రక్తం పూసి తండ్రికి చూపిస్తారు. బైబిల్లో తండ్రి యాకోబు నమ్మేసి, కొడుకును మృగం తినేసిందని బట్టలు చింపుకుని ఏడుస్తాడు. ఖురాన్‌లో అదే తండ్రి, యాఖూబ్, నమ్మడు, ఇది మీరు కల్పించిందే అంటాడు. తర్వాత ఈజిప్టులో యోసేపును కొనుక్కున్న పోతీఫరు భార్య అతన్ని లొంగదీసుకోబోతే అతను పారిపోతాడు. ఆమె చేతిలో మిగిలిపోయిన వస్త్రం బైబిల్లో యోసేపు మీద నేరం మోపడానికి పనికొస్తుంది. ఖురాన్‌లో చొక్కా వెనక నుంచి చిరిగింది కాబట్టి తప్పు అతనిది కాదని తేలుతుంది.

అది చదువుతున్నప్పుడు ఒక అమ్మాయి అడిగింది, "అన్నల మాట నమ్మనప్పుడు మరి యాఖూబ్ చూపు పోయేంతగా ఎందుకు ఏడ్చాడు సార్?" ముస్లిం లెక్చరర్ ఒకాయన కాసేపు ఆలోచించి, ఆయన తన బాధను మనుషుల దగ్గర కాదు, అల్లాహ్ దగ్గర వెళ్లబోసుకున్నాడనే వాక్యం చూపించారు. ఏడవడం విశ్వాసం లేకపోవడం కాదమ్మా అన్నారు. మా పాస్టర్లు ఆ మాట రాసుకున్నారు. ఆ తర్వాత, చిన్న తమ్ముడు బెన్యామీను బదులు నన్ను బానిసగా ఉంచుకోమని అన్నల్లో ఒకడైన యూదా, ఈజిప్టులో అధికారిగా ఉన్న యోసేపును బతిమాలే ఆదికాండం 44వ అధ్యాయాన్ని ఒక మదర్సా కుర్రాడు పైకి చదివాడు. పూర్తవగానే తనే మళ్లీ మొదటి నుంచి చదువుతానన్నాడు. ఎవరి గ్రంథం గొప్పదన్న ప్రశ్న ఆ రోజు ఎవరి నోటా రాలేదు.

అలాగని తేడాలు దాచుకోకూడదు. యేసును సిలువ వేయలేదని ఖురాన్ 4:157 (4వ సూరా, 157వ వాక్యం) చెప్పేదానికీ, వేశారని బైబిల్లోని సువార్తలు చెప్పేదానికీ పొత్తు కుదరదు. దాన్ని మేం చాలా కాలం తర్వాతే ముట్టుకున్నాం, ఏకాభిప్రాయం రాలేదు. కానీ ఎదుటివాళ్లు ఎందుకలా నమ్ముతారో వాళ్ల నోటితోనే విన్నాం. నా దృష్టిలో అదే పెద్ద ఫలితం. మా నియమం ఒక్కటే: ప్రశ్న అడగొచ్చు, మతం మార్చే ప్రయత్నం చేయకూడదు.

ఈ పద్ధతి మేం కనిపెట్టింది కాదు. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత, 2002లో ఇంగ్లండ్ చర్చికి పెద్ద అయిన క్యాంటర్‌బరీ ఆర్చిబిషప్ లండన్‌లోని లాంబెత్ ప్యాలెస్‌లో ముస్లిం, క్రైస్తవ పండితులను కూర్చోబెట్టారు. అలా మొదలైందే బిల్డింగ్ బ్రిడ్జెస్ సెమినార్. చిన్న చిన్న గుంపులుగా రెండు గ్రంథాలూ కలిసి చదవడం అందులో ముఖ్యమైన పని. తర్వాత దాని బాధ్యతను అమెరికాలోని జార్జ్‌టౌన్ యూనివర్సిటీ తీసుకుంది.

మన దగ్గరే హెన్రీ మార్టిన్ ఇన్‌స్టిట్యూట్ ఉంది. 1930లో లాహోర్‌లో, ముస్లింల మధ్య సువార్త చెప్పేవాళ్లకు ఇస్లాం నేర్పడానికి పుట్టిన సంస్థ అది. 1970లలో హైదరాబాద్ చేరింది. ఇప్పుడు దాని పని మతాల మధ్య సంభాషణ, పరిశోధన, పాతబస్తీలో శాంతి కార్యక్రమాలు. ఒక సంస్థ తన లక్ష్యాన్నే ఇంతగా మార్చుకోగలిగిందంటే, ఎదుటివాళ్లను శ్రద్ధగా చదవడం కూడా అందుకు ఒక కారణమని నా నమ్మకం.

మీరు మొదలుపెట్టాలనుకుంటే బైబిల్లో లూకా సువార్త మొదటి అధ్యాయం, ఖురాన్‌లో 19వ సూరా మర్యమ్ తీసుకోండి. రెండింట్లోనూ ముసలితనంలో కొడుకు పుడతాడన్న కబురు విన్న జెకర్యా మూగబోతాడు. లూకాలో దేవదూత మాట నమ్మనందుకు, ఖురాన్‌లో తనే ఒక సూచన ఇమ్మని అడిగినందుకు. ఆ ఒక్క తేడా మీదే ఒక సాయంత్రం గడిచిపోతుంది. తెలుగులో రెండు గ్రంథాలూ దొరుకుతాయి. ఎనిమిది, పది మందికి మించకుండా చూసుకోండి, ఎక్కువైతే మాట్లాడేవాళ్లే మాట్లాడతారు.