మిషన్లు తర్వాత కొనొచ్చు, ముందు ఇంటి ఖర్చు పక్కన పెట్టండి

ప్రశ్న: దుబాయ్ మెరీనాలో ఆరేళ్లు యాచ్‌ల క్లీనింగ్, పాలిషింగ్ పని చేసి, రాజోలు దగ్గర మా ఊరికి వచ్చేశాను. వయసు 33. డిండి హౌస్‌బోట్లకు, నరసాపురం, అంతర్వేది వైపు వేట బోట్లకు ఇదే పని మొదలుపెడదామనుకుంటున్నాను. చేతిలో 6 లక్షలున్నాయి. మిషన్లు, సెకండ్ హ్యాండ్ వ్యాన్ కలిపి 9 లక్షలవుతుంది. తెలిసినాయన 3 లక్షలు రెండు రూపాయల వడ్డీకి ఇస్తానంటున్నారు. మా ఆవిడ బంగారం కూడా ఉంది. ఇంటి ఖర్చు నెలకు 22 వేలు. అప్పు తీసుకోమంటారా?

జవాబు: వద్దు. ఈ అప్పు తీసుకోకండి. బంగారం జోలికి అసలే వెళ్లకండి.

గల్ఫ్ నుంచి తిరిగొచ్చినవాళ్లలో చాలామంది ఇదే లెక్క వేసుకుంటారు: తెచ్చిన డబ్బంతా వ్యాపారంలో, దాని మీద అప్పు, ఇంటికి సున్నా. అందుకే మీకు వివరంగా రాస్తున్నాను.

మీ పనితనం మీద నాకు సందేహం లేదు. డబ్బు ఎప్పుడు చేతికొస్తుందన్నదే నా భయం. మన తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. బోట్లను ఒడ్డుకు ఎక్కించి, అడుగున పట్టిన గుల్లలు, నాచు గీకించి, రంగులు వేయించుకునేది అప్పుడే. అంటే మీకు చేతినిండా పని ఉండే రెండు నెలల్లోనే బోటు యజమానికి వేట మీద పైసా రాదు. ‘వేటకెళ్లొచ్చాక ఇస్తాలే’ అంటాడు. అది మోసం కాదు, ఆయన పరిస్థితే అంత. కానీ రంగుల షాపువాళ్లు, కూలీలు అప్పటిదాకా ఆగరు. ఆ వెనకే గోదావరికి వరద, టూరిస్టు బోట్లు ఒడ్డుకు కట్టేస్తారు. 2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో టూరిస్టు బోటు మునిగిన ప్రమాదం తర్వాత పాపికొండల బోట్లు నెలల తరబడి కదల్లేదు. ఆ మీదట కరోనా. అలాంటి కాలం మళ్లీ రాదని ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఇలాంటి రాబడి మీద నెలనెలా కట్టాల్సిన వడ్డీ పెట్టుకుంటారా? మూడు లక్షలకు రెండు రూపాయల వడ్డీ అంటే నెలకు 6 వేలు, ఏడాదికి 72 వేలు. అసలులో రూపాయి తగ్గదు. రెండు నెలలు ఆలస్యమైతే ఆ తెలిసినాయనే వచ్చి వడ్డీని అసలులో కలిపి నోటు తిరగరాయమంటారు. బంగారం బయటికి వెళ్లేది ఆ రోజే.

ఉన్న 6 లక్షల్నే విడదీయండి. మొదటి 2 లక్షలు ఇంటికి. నెలకు 22 వేల చొప్పున తొమ్మిది నెలలకు 1,98,000. ఉద్యోగస్తులకు ఆరు నెలల ఖర్చు చాలంటాను, మీకు మాత్రం తొమ్మిదే. వరద నెలలు, బాకీలు వసూలయ్యే నెలలు కలిపితే అంతకాలం పడుతుంది. మీ ఆవిడతో జాయింట్‌గా యాభై వేల చొప్పున నాలుగు ఎఫ్‌డీలు వేయండి. అవసరం పడితే ఒకటి తీసినా మిగతావి కదలవు. ఈ డబ్బుతో ఒక్క పాలిష్ డబ్బా కూడా కొనకూడదు. ఇంకో 2 లక్షలు రంగులకు, కూలీలకు, బాకీలు తట్టుకోవడానికి. ప్రెషర్ వాషర్, బఫింగ్ మిషన్లు, చిన్న జనరేటర్, మాస్కులు అన్నీ మిగిలిన 2 లక్షల్లోనే.

దుబాయ్ కంపెనీ ఇచ్చిన హెల్త్ ఇన్సూరెన్స్ వీసాతోపాటే పోయింది. తడి నేల మీద నిలబడి కరెంటు మిషన్ పట్టుకునే పని మీది. టర్మ్ పాలసీ, ఇంటిల్లిపాదికీ హెల్త్ పాలసీ తీసుకున్నాకే మొదటి బోటు ఎక్కండి. బ్యాంకులో ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా, 436 రూపాయల జీవిత బీమా కూడా పెట్టించుకోండి. అవి ఒక్కోటి 2 లక్షలకే, వాటితో సరిపెట్టుకోకండి.

బఫింగ్ ప్యాడ్ ఒకేచోట కాస్త ఎక్కువసేపు ఆగితే వేడికి జెల్‌కోట్ (బోటు మీది మెరిసే పైపూత) కాలి, కింది ఫైబర్ బయటపడుతుందని మీకు తెలిసిందే. ఉద్యోగంలో ఉన్నప్పుడు ఆ నష్టం చూసుకోవడానికి కంపెనీ ఉండేది. ఇక్కడ యజమాని మీ బిల్లులో కోస్తాడు, చాలకపోతే ఎదురు కట్టమంటాడు. పెద్ద బోటు ఒప్పుకునే ముందు, మీ పని వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి వర్తించే లయబిలిటీ పాలసీ తీసుకోండి. పని మొదలుపెట్టకముందే బోటు నాలుగు వైపులా ఫొటోలు తీసి యజమానికి వాట్సాప్ చేయండి.

ముద్రా లోన్‌కు ఒక సీజన్ లెక్కలు చేతిలో ఉన్నాక వెళ్లండి. వరద నెలల్లో అవే మిషన్లతో అమలాపురం, రాజోలులో కార్ల పాలిషింగ్ చేసుకోవచ్చు.

వ్యాన్ ఇప్పుడే వద్దు. ఒక వేట నిషేధం సీజన్ గడిచి, బాకీలు ఏ మేరకు వసూలయ్యాయో చూశాక ఆలోచించండి. అందాకా సామాన్లకు టాటా ఏస్ కిరాయికి మాట్లాడుకోండి. ప్రతి బోటుకూ రంగుల ఖర్చు, కూలీ ఖర్చు అడ్వాన్స్‌గా తీసుకోండి. అది కూడా ఇవ్వలేనన్నవాళ్ల బోటు ఒప్పుకోకండి.